పట్టకారు చెయ్యి

పుంగనూరు బస్టాండు పక్కనున్న టీ అంగడిలో అందరికీ గాజు గ్లాసు, రఫీక్‌కు మాత్రం స్టీలు గ్లాసు. అది మర్యాద అనుకునేరు, కాదు. అతని పిడికిట్లో రెండు గాజు గ్లాసులు పుటుక్కుమన్నాక అంగడాయన పెట్టుకున్న జాగ్రత్త. రఫీక్ ఏది పట్టుకున్నా, అది ఇప్పుడే జారి ఎవరి నెత్తినో పడబోతున్నట్టు పట్టుకుంటాడు. బస్సులో కమ్మీ అయినా అంతే, తలుపు గడియ అయినా అంతే. పెళ్లిళ్లలో అతనితో ఒకసారి చెయ్యి కలిపినవాళ్లు రెండోసారి దూరం నుంచే సలాం చెప్పి తప్పుకుంటారు.

చేతులు అంత బిగువైన మనిషికి కాళ్లు మాత్రం ఒకచోట నిలవవు. టీ తాగుతూ నడుస్తాడు. ఫోనులో మాట్లాడుతూ వీధి చివరిదాకా పోయి, అక్కడికి ఎందుకు వచ్చాడో తెలియక వెనక్కి తిరుగుతాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినేసరికి ఏదో గుర్తొచ్చి లేస్తాడు. "కూసుంటే ముల్లు గుచ్చుకుంటాదా నీకి?" అని అతని భార్య మెహ్‌నాజ్ అడగని రోజు లేదు. నలభై దాటిన మనిషికి ఆ ముల్లు ఎక్కడుందో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

వాళ్లది ఇనుపపని. ఇంటి ముందే కొలిమి. వెల్డింగు మిషను వచ్చాక గేట్లూ కిటికీ గ్రిల్లులే ఎక్కువ చేస్తున్నా, గొడ్డళ్లు, కొడవళ్లు, గడ్డపార మొనలు తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి కొలిమి ఆరలేదు. ఆ వీధిలో ఇనుపపని చేసే ఇళ్లలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. మగవాడు దాగలి అనే ఇనుప దిమ్మె ముందు గొంతుక్కూర్చుని, ఎర్రగా కాలిన ఇనుమును ఎడమచేతి పట్టకారుతో పట్టుకుంటాడు. కుడిచేతిలో చిన్న సుత్తి. ఆ సుత్తితో ఎక్కడ టక్కుమని తడితే, ఎదురుగా నిలబడిన భార్య అక్కడ సమ్మెట వేస్తుంది. టక్కు, ధన్. టక్కు, ధన్. దారిన పోయేవాళ్లంతా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి అందులో ఎవరికీ వింత కనిపించదు. గొడ్డలి ఎవరు చేశారని అడిగితే ఊరంతా రఫీక్ పేరే చెబుతుంది. రఫీక్ కూడా అదే చెబుతాడు.

ఇట్లాంటి మనిషికి గోల్ఫు పిచ్చి పట్టడం వెనక ఒక గడ్డికోత మిషను ఉంది. కుప్పం దాటి గుడుపల్లె వైపు పోతే, గ్రానైటు తవ్వి వదిలేసిన ఒక క్వారీ చుట్టూ ఎవరో బెంగళూరు ఆసామి గడ్డి పెంచి గోల్ఫు మైదానం చేయించాడు. అక్కడి మిషన్ల బ్లేళ్లు సానపట్టే పని రఫీక్‌కు దొరికింది. సోమవారం మైదానానికి సెలవు. ఆ రోజు పనివాళ్లూ, సరుకులు తోలేవాళ్లూ ఎవరైనా ఆడుకోవచ్చు. ఒక సోమవారం బ్లేళ్లు దించి నిలబడితే ఎవరో చేతిలో కర్ర పెట్టి కొట్టమన్నారు. కొట్టాడు. ఎట్లా తగిలిందో ఏమో, బంతి ఠంగుమని లేచి, పైన గద్దలు తిరిగేంత ఎత్తుకు పోయి, నింపాదిగా దిగింది. మళ్లీ అంత బాగా ఎప్పుడూ తగల్లేదు. కానీ ఆ ఒక్కసారి చాలు కదా, మనిషి చెడిపోవడానికి.

ఆ తర్వాత రఫీక్ అక్కడ లేని సోమవారం లేదు. పొద్దున్నే పలమనేరు బస్సెక్కి, అక్కడ మారి, వెంకటగిరికోట మీదుగా కుప్పం చేరేలోపు సీట్లో పదిసార్లు లేచి కూర్చుంటాడు. ఎవరో విరగ్గొట్టి పారేసిన డ్రైవర్ ఒకటి తెచ్చుకుని, విరిగినచోట సన్న పైపు తొడిగి అతికించుకున్నాడు. దూరం కొట్టడానికి వాడే పెద్ద తల కర్రను డ్రైవర్ అంటారు. అది చేత్తో పట్టుకుని బంతి ముందు నిలబడ్డాడంటే మాత్రం రఫీక్ కదలడు. రెప్ప కూడా వెయ్యడు. ఆ కాసేపు లోపలి ముల్లు ఎక్కడికో పోతుంది. అట్లా నిలబడిన మనిషిని చూసి, ఇంట్లో ఇతనేనా అన్నానికి కూడా కూర్చోనివాడు అనుకోవాలి ఎవరైనా.

ఆ సుఖానికే ఎసరొచ్చింది. మైదానం మేనేజరు భీమరావు ఒక సోమవారం అందర్నీ పిలిచి నిలబెట్టాడు. మైదానంలో ఒకచోట, క్వారీ గుంతకు ఇవతల నిలబడి అవతలి గడ్డిమీదకు కొట్టాలి. గుంతలో పచ్చటి నీళ్లు. సోమవారంవాళ్లు కొట్టే బంతులన్నీ ఆ నీళ్లపాలే.

"బంతులు ఎన్ని కొన్నా చాలటం లేదు. ఓనరు నన్ను తిడుతున్నాడు," అన్నాడు భీమరావు. "వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం అందరూ రండి. తలా రెండు బంతులు ఇస్తా. గుంత దాటించినవాళ్లకే ఇకమీద సోమవారం ఆట. దాటించలేనివాళ్లు పని చూసుకుని పోవడమే."

రఫీక్ ఎన్నడూ ఆ గుంత దాటించలేదు. అతని బంతి ఎప్పుడూ నీళ్లకే పోయేది, లేదా ఇవతలి రాళ్లలో కొట్టుకుని కుయ్యోమనేది.

మదనపల్లెలో ఎరువుల అంగడి ఉన్న బాలాజీ మైదానంలో గడ్డికి ఎరువులు తోలుతాడు. అతనూ సోమవారంవాడే. అతను మాత్రం దిగులు పడలేదు. బెంగళూరు పోయి మెరిసే కొత్త డ్రైవర్ కొనుక్కొచ్చి, మరుసటి సోమవారమే గుంత దాటించేశాడు. పాత ఇనుము కొనడానికి మదనపల్లె పోయిన రఫీక్, ఇనుము సంగతి మరిచి ముందు ఆ ఎరువుల అంగడికే పోయాడు.

"నువ్వూ ఒకటి కొనుక్కో భాయ్. కర్ర మంచిదైతే బంతి దానంతట అదే పోతాది," అన్నాడు బాలాజీ, డ్రైవర్‌ను గుడ్డతో తుడిచి చేతికిస్తూ.

రఫీక్‌కు చుర్రుమంది. "ఇనుం పని సేసేవాణ్ణి. నేను కొనేదేందప్పా, నేనే సేసుకుంటా."

కొనడానికి స్థోమత లేకపోవడం ఒక సంగతి. ఇంత తేలికైన వస్తువుకు అంత ధర ఏమిటన్నది అంతకంటే పెద్ద మంట. చేతిలో ఊపి చూశాడు, ఖాళీ కర్రలాగా ఉంది. తేలిక గొడ్డలి మాను నరకదు, బరువు గొడ్డలి నరుకుతుంది. ఇనుపపనివాడి బుర్ర అటే పోతుంది, ఇంకెటు పోతుంది? ఇంటికొచ్చి తన డ్రైవర్ తలకు అడుగున చిల్లి వేసి, సీసం కరగబోశాడు. అది చాలదని పైపును జానెడు పొడిగించాడు. మొత్తానికి అది గోల్ఫు కర్ర రూపం మాని రోకలి రూపం ఎత్తింది.

ఊరి బయట ఎండిన చెరువులో దాన్ని పరీక్ష చేశాడు. మొదటి దెబ్బకు మట్టి లేచింది. రెండో దెబ్బకు ఇంకా ఎక్కువ మట్టి లేచింది. మూడోసారి బంతికి తగిలింది కానీ, అది ఎగరకుండా నేలమీదే పరుగెత్తి తుమ్మచెట్టు మొదట్లో ఆగింది. అక్కడ పొట్టి ఆవుల్ని మేపుకుంటున్న నంజమ్మ చాలాసేపు చూసి చూసి, ఉండబట్టలేక దగ్గరికొచ్చింది.

"ఏం భాయ్, పామా?"

"పాము కాదమ్మా. బంతి."

"బంతి నిన్నేం సేసిందప్పా, ఆ మాదిరి కొడతాండావు?"

రఫీక్ కర్ర మళ్లీ ఎత్తాడు. ఇంకా గట్టిగా పట్టుకుని, ఇంకా గట్టిగా కొట్టాడు. ఆ సాయంత్రానికి మోచేతులు పట్టేసి, చొక్కా విప్పడానికి మెహ్‌నాజ్ సాయం కావలసి వచ్చింది.

ఆదివారం దగ్గరపడేకొద్దీ ఇంట్లో అతనితో వేగడం కష్టమైపోయింది. గేటు వెల్డింగు సగంలో వదిలేసి వీధిలోకి పోతాడు. ఒట్టి చేతులతో గాలిలో కర్ర ఊపుతాడు. కోడిగుడ్లు తింటే బలమని ఎవరో చెబితే పూటకు రెండు మింగి కడుపు ఉబ్బించుకున్నాడు. కొలిమి దగ్గర కూర్చున్నా మనసు అక్కడ లేదు. ఒకరోజు సుత్తితో తట్టవలసిన చోట తట్టకుండా దిక్కులు చూస్తుంటే, ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఆపి మెహ్‌నాజ్ కసురుకుంది.

"అజీ, యాడుండాది నీ బుద్ధి? ఇనుం సల్లారిపోతాంది!"

"ఆ గుంత దాటకపోతే నేను సచ్చినట్టే మెహ్‌నాజ్. వారమంతా ఆ ఒక్క రోజు కోసమే ఊపిరి పట్టుకోనుండా. అది గూడా పోతే నాకి పిచ్చెక్కతాది. ఇంత బలంగా కొట్టినా యాల పోదు ఆ బంతి?"

మెహ్‌నాజ్ అతన్ని చూసింది. తర్వాత సమ్మెట కిందికి దించి, దాని కర్రపిడిని అతనివైపు వంచింది. "లెయ్యి. ఇది నువ్వెయ్యి. నేను పట్టుకుంటా."

రఫీక్ బిత్తరపోయాడు. ఆ వీధిలో ఎవరూ చేయని పని అది. మగవాడు సమ్మెట వేయడం, ఆడమనిషి పట్టకారు పట్టడం! కానీ చొక్కా విప్పడానికి కూడా ఆమె సాయం కావలసి వచ్చిన రోజే అతని సిగ్గు సగం పోయింది. లేచి సమ్మెట అందుకున్నాడు. ఆమె కూర్చుని పట్టకారుతో ఇనుము పట్టి, సుత్తితో టక్కుమంది. అతను బలమంతా కూడదీసి వేశాడు. దెబ్బ పక్కకు పోయింది, దాగలి మీద సమ్మెట ఎగిరి, ఆ అదురు భుజాలదాకా పాకింది. ఎదురింటి గోడ మీది పిల్లలు కిసుక్కుమన్నారు. మళ్లీ వేశాడు, అంతే. ఇన్నేళ్లుగా ఆ దెబ్బలు తనవే అనుకున్నాడు పాపం.

"సూసినావా?" అంది మెహ్‌నాజ్. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "సమ్మెట పైకెత్తేదే మన పని. దిగేది దాని పని. అది దిగేటప్పుడు నేను ఊరికే దాని తోడు పోతా, అంతే. ముందర నడుము తిరగల్ల, సేతులు దాని ఎనకాల వస్తాయి. నువ్వు దిగేటప్పుడు గూడా పట్టకారు పట్టినట్టు బిగబట్టుకుంటాండావు. పట్టకారుతో కొడ్తే ఏది ఎగరతాది?"

ఆ మాట రఫీక్‌కు సూటిగా తగిలింది. ఆ రోజే డ్రైవర్ తలలోని సీసం కరిగించి కార్చేశాడు, పొడిగించిన పైపు కోసేశాడు. కర్ర మళ్లీ తేలికైంది. చెరువులో నిలబడి, నడుము తిప్పి, చేతుల్ని వెనకాల రానిచ్చాడు. మొదట్లో రాలేదు. ఎంత వద్దనుకున్నా వేళ్లు వాటంతట అవే బిగుసుకునేవి. కొన్నాళ్లకు, బలం తగ్గించిన కొద్దీ బంతి దూరం పోవడం కళ్లారా చూశాడు. నంజమ్మ ఆవుల్ని ఇంకా అవతలికి తోలుకోవలసి వచ్చింది. రఫీక్ సంతోషం పట్టలేక మరునాడు మెహ్‌నాజ్‌ను కూడా తీసుకుపోయాడు, చూపిద్దామని.

ఆమె పక్కన నిలబడింది. బంతి నేలమీద పాకింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ పాకింది. ఆమెను ఇంటికి పొమ్మన్నాక కొడితే ఎగిరింది. ఇదేం శని అని తల పట్టుకున్నాడు. "నువ్వు సూడొద్దులే," అన్నాడు ఇంటికొచ్చి. మెహ్‌నాజ్ ముఖం చిన్నబోయింది. ఎందుకో అడగలేదు.

ఎందుకో ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో, కొలిమి పని ఆమె ఇంకా నేర్చుకుంటున్న రోజుల్లో, ఒకసారి రఫీక్ పట్టకారులోంచి కాలిన గడ్డపార మొన జారి ఆమె పాదం మీద పడింది. ఆమె వేసిన కేక వీధి వీధంతా వినింది. చాలా రోజులు ఆమె గోడ పట్టుకుని నడిచింది. ఆ రోజు తర్వాత రఫీక్ చేతిలోంచి ఏదీ జారలేదు. పట్టకారే కాదు, టీ గ్లాసు కూడా జారలేదు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుని ఉంటే టీ అంగడాయన గాజు గ్లాసులైనా మిగిలేవి.

ఆ ఆదివారం రానే వచ్చింది. సానపట్టిన బ్లేళ్ల మూట బరువు కాబట్టి మెహ్‌నాజ్ కూడా బస్సెక్కింది. రఫీక్ వద్దనలేకపోయాడు. దారి పొడుగునా కిటికీ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. వెంకటగిరికోట దాటాక ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి, ఒంట్లో బాగుందా అప్పా అని అడిగాడు.

గుంత దగ్గర సోమవారంవాళ్లంతా చేరారు. ఎండ వాలుతోంది. భీమరావు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచాడు. చాలామంది బంతులు నీళ్లలో బుడుంగుమన్నాయి. గడ్డి కోసే ఒకతను రెండో బంతి దాటించి, చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. బాలాజీ మొదటి దెబ్బకే దాటించి, కొత్త డ్రైవర్‌కు తొడుగు తొడిగి పక్కన నిలబడ్డాడు.

"రఫీక్!"

రఫీక్ వచ్చి బంతి పెట్టుకున్నాడు. కాస్త పక్కగా, ఒక బండరాయి దగ్గర, మెహ్‌నాజ్ చెప్పులు విప్పి నిలబడి ఉంది. అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. కర్ర ఎత్తేసరికే వేళ్లు పట్టకారైపోయాయి. బంతి నీళ్లలో పడ్డ చప్పుడు, అతను కళ్లు మూసుకున్నా వినిపించింది.

ఇంకొక్కటే మిగిలింది. బంతి వంగి పెట్టబోతే చేతిలోంచి రాదే! మెహ్‌నాజ్ నడిచొచ్చింది. భీమరావు అడ్డుకోబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు జానెడు ఎత్తి, ఒట్టికాలు అతని ముందు గడ్డిమీద పెట్టింది. పాదం మీద పాత మచ్చ, వెన్నెలపొడ మాదిరి తెల్లగా ఉంది.

"దీన్ని సరిగ్గా సూడు ఒకసారి," అంది మెల్లగా. "ఇది మానిపోయి ఎన్నేండ్లయింది? ఆ పొద్దే నేను మర్సిపోతిని. నువ్వే ఇంకా పట్టుకోనుండావు."

రఫీక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతమంది ముందర అవి తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆమె పోయి మళ్లీ రాతి దగ్గర, ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడింది. చెప్పులు వేసుకోలేదు.

రఫీక్ బంతి పెట్టాడు. నిలబడ్డాడు. సమ్మెట ఎత్తినట్టు కర్ర ఎత్తాడు. ముందు నడుము తిరిగింది. దిగేది దాని పని అనుకున్నాడు. వేళ్లు వదిలాడు, ఎంత వదలాలో తెలియక మరీ వదిలేశాడు. ఠంగుమంది. ఆ వెంటనే చేతులు ఖాళీ. బంతి ఒక దారినా, కర్ర ఒక దారినా గాలిలోకి లేచాయి. జనం కెవ్వున అరిచి తలలు వంచారు.

బంతి ఎటు పోయిందో రఫీక్ చూడలేదు. గిర్రున తిరిగి మెహ్‌నాజ్ కాళ్లవైపు చూశాడు.

ఆ రెండు పాదాలూ పెట్టినచోటే ఉన్నాయి. కర్ర ఆమెకు ఆమడ దూరంలో గుంత మీదుగా పోయి, రాతికి ఒకసారి తగిలి, పచ్చటి నీళ్లలో మునిగింది.

"నా కాళ్లకేం కాలేదు," అంది మెహ్‌నాజ్, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. "ఆడ సూడు అజీ, బంతిని సూడు!"

గుంతకు అవతల, గడ్డిమీద, బంతి ఇంకా దొర్లుతోంది. అది బాలాజీ బంతిని దాటిపోయి ఆగింది. భీమరావు గొడుగు పైకెత్తి, "దాటింది!" అని కేకేశాడు. తర్వాత నీళ్లలోకి తొంగిచూసి, "కర్ర మాత్రం మీదే పూచీ భాయ్, నేను దిగను," అన్నాడు.

"పోనీలే సార్. ఇనుమే కదా," అన్నాడు రఫీక్. తన నోట ఆ మాట రావడం అతనికే వింతగా ఉంది.

తిరుగుప్రయాణంలో అతనికి కిటికీ పక్క సీటే దొరికింది. కిటికీ మూయలేదు, తెరవలేదు. కోట రాకముందే నిద్రపోయాడు. టికెట్లకు వచ్చిన కండక్టరు లేపబోతే మెహ్‌నాజ్ వద్దని సైగ చేసి, తనే రెండు టికెట్లూ తీసుకుంది. రఫీక్ కుడిచెయ్యి ఆమె ఒడిలో వెల్లకిలా పడి ఉంది, అయిదు వేళ్లూ విడివడి. ఆమె అతని టికెట్ ఆ అరచేతిలో పెట్టింది. అది గాలికి ఎగిరి కింద పడింది. ఆమె వంగి తీసుకుని, తన దగ్గరే ఉంచుకుంది.